ఎవరి పేరు వచ్చింది?

“చెయ్యి వేశావంటే మర్యాద దక్కదే సుమలతా! ఆ త్రాసు నాది. దాని మీద ఆ బొమ్మ అంటించింది నా కొడుకు.”

“నీకు కొడుకైతే నాకేమీ కాడా అత్తా? చింపుతానన్నానా నేను? మారుద్దాం అన్నాను.”

“మార్చినా చింపినా పోయేది వాడి పేరేగా!”

“పేరు పట్టుకుని కూర్చుంటే కొట్టు నడుస్తదా? ఆ అబ్బాయి ఇవాళ వస్తానన్నాడు. డబ్బులు ఎవరి ఖాతాలో పడాలని అడుగుతాడు. ఏం చెప్పమంటావు?”

“కోటిలింగం ఖాతాలోనే అని చెప్పు. ఇన్నాళ్ళూ ఎందులో పడ్డయ్యో అందులోనే.”

గిలకలదిండిలో తాటాకు దడి బయట బండి ఆపి, ఒక కాలు నేల మీద మోపి, నరేంద్ర ఈ మాటలన్నీ విన్నాడు. వినాలని కాదు. రేవు పక్క ఆడవాళ్ళు పోట్లాడుకుంటే వినపడకుండా ఉండాలంటే కనీసం పెదన దాకా వెళ్ళాలి.

విషయం అర్థమైపోయిందనే అనుకున్నాడు. పనీపాటా లేని కొడుకు, వాడి ఖాతాలో డబ్బు పోసే తల్లి, గొంతు చించుకునే కోడలు. గుడివాడలో ఇంజనీరింగ్ మూడో ఏడు మధ్యలో వదిలేసి వచ్చిన దగ్గర్నించీ బందరులో చిన్న చిన్న కొట్లకి ఆన్‌లైన్ దుకాణాలు తయారుచేసి పెట్టడమే అతని పని. మిఠాయి కొట్టు, రోల్డ్‌గోల్డ్ నగల కొట్టు, కలంకారీ చీరల కొట్టు. ప్రతి కొట్లోనూ డబ్బు ఎవరి ఖాతాలోకి రావాలనే దగ్గరికి వచ్చేసరికి ఇలాంటి గొడవే. పని చకచకా చేస్తాడు. ఒక చోట గంటసేపు కుదురుగా కూర్చోలేడు. నోరు మాత్రం అతని అదుపులో ఉండదు. “ఫోటోలో లడ్డూ కంటే మీ బొటనవేలే పెద్దగా ఉందండీ” అని ఒక మిఠాయి కొట్టాయనతో అనేసి ఆ బేరం పోగొట్టుకున్నవాడు.

దడి తలుపు తోసుకుని లోపలికి నడిచాడు. ఇసకలో పరిచిన వలల మీద నెత్తళ్ళ చేపలు ఎండుతున్నాయి. ఒక మూల రొయ్యపొట్టు కుప్ప. పీట మీద త్రాసు, ఆ త్రాసుకి ఎదురుబొదురుగా నిలబడ్డ అత్తాకోడళ్ళు. రాఘవమ్మకి యాభై దాటి ఉంటాయి. బిగుతుగా ముడేసిన కొప్పు, ఉప్పుకి తెల్లబడ్డ వేళ్ళు. సుమలతకి ముప్ఫై ఉండవు.

“నమస్తే అండీ. బయటికి అంతా వినపడతా ఉంది. ఇందులో అంత గొడవేముంది?” అన్నాడు నరేంద్ర. “ఆ కోటిలింగం గారిని ఒక్కసారి రమ్మనండి. ఫోన్లో మొహం చూపించి, కళ్ళార్పి, వెళ్ళిపోతే చాలు. ఎక్కడ తాగి పడుకున్నాడో చెప్తే నేనే లేపుకొస్తాను.”

పక్క దడిలో చేపలకి ఉప్పు పట్టిస్తున్న ఆడమనిషి చెయ్యి ఆగిపోయింది. సుమలత కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. రాఘవమ్మ అతని వంక ఒకసారి చూసి, వంగి, ఎండుతున్న నెత్తళ్ళని అరచేత్తో తిరగేయడం మొదలుపెట్టింది.

“మా ఆయన పోయాడు తమ్ముడూ,” అంది సుమలత. “రెండేళ్ళయింది.”

అలాంటప్పుడు జనం ఏదో అంటారు. నరేంద్రకి ఆ మాటలు రావు. “నాకు తెలీదండీ” అన్నాడు.

“తెలిస్తే అంటావా?” అంది రాఘవమ్మ, తల ఎత్తకుండానే. “కూర్చో. మంచినీళ్ళు తాగుతావా?”

కోటిలింగం సంగతి సుమలత తర్వాత చెప్పింది, రాఘవమ్మ కుళాయి దగ్గరికి వెళ్ళినప్పుడు. వేట నించి తిరిగొస్తున్న పడవ మొగ దగ్గర ఇసక మేట మీదికి ఎక్కింది. ఆ మొగే సముద్రం నించి లోపలికి వచ్చే దారి. నీళ్ళు తక్కువగా ఉన్న వేళ. వెనక నించి కెరటం కొడితే పడవ పక్కకి తిరగబడింది. మిగతావాళ్ళు ఈదుకొచ్చారు. కోటిలింగం వల కింద ఇరుక్కుపోయాడు. ఒడ్డు కనపడుతూనే ఉంది.

“దినం రోజున కూడా ఆవిడ నోట కొడుకు పోయాడన్న మాట రాలేదు,” అంది సుమలత. “మతి చెదిరిందనుకునేవు. అదేం లేదు. అన్నీ దగ్గరుండి చేయించింది. తద్దినం మర్చిపోదు. ఆ మాట మాత్రం అనదు. ఎవరన్నా అడిగితే లేచి పక్కకెళ్ళిపోద్ది.”

త్రాసు మీది బొమ్మ కోటిలింగం అంటించిందే. ఫోన్‌తో డబ్బు కట్టడానికి నలుపు తెలుపు గళ్ళున్న చదరపు కాగితం. మొదట్లో రాఘవమ్మ దాన్ని నమ్మలేదు. చేతిలో పడని డబ్బు డబ్బేంట్రా అని కసిరింది. అప్పుడు కోటిలింగమే తల్లికి ఒక పద్ధతి నేర్పాడు: “కట్టే ముందు ఎవరి పేరు వచ్చిందో పైకి చదవమనమ్మా. నా పేరు చదివితేనే సరుకు పొట్లం కట్టు. లేకపోతే ఎవడికో పంపి నీకు చూపించి పోతారు.” రాఘవమ్మకి చదువు రాదు. కాబట్టి ఆ పద్ధతి అతికినట్టు సరిపోయింది. ఆ రోజు నించీ ఫోన్ తీసిన ప్రతివాణ్ణీ అడుగుతుంది: ఎవరి పేరు వచ్చింది బాబూ? వాళ్ళు చదువుతారు. ఆవిడ వింటుంది. కోటిలింగం పోయాక కూడా ఖాతా అలాగే ఉంది. అతని ఫోన్ ఆవిడే చార్జింగ్ పెట్టుకుని నడుముకి దోపుకుని తిరుగుతుంది. కార్డుతో డబ్బు తీసుకొచ్చేది సుమలత.

“నేనూ ఊరుకున్నాను. తప్పని తెలుసు. కానీ ఆ పేరు వినడం కోసమే ఆవిడ బతుకుతా ఉంటే ఎట్టా ఆపను?”

“మరి ఇప్పుడు ఆపాలని ఎందుకంటున్నారు?”

“రొయ్యల షెడ్డులో పనికి పిలుస్తున్నారు. ఐసులో చేతులు పెట్టి పొద్దస్తమానం వొలవాలి. మా వదిన వేళ్ళు చూశాను. ఈ ఆన్‌లైన్ కొట్టు నిలబడితే నాకు ఆ గతి పట్టదు.”

రాఘవమ్మ బిందెతో తిరిగొచ్చాక నరేంద్ర ఆవిడకి అర్థమయ్యేలా చెప్పాడు. ఆన్‌లైన్ కొట్టుకి డబ్బు రావడానికి మూడు దార్లు. సరుకు ఇంటికి చేరాక కొరియర్ కుర్రాడి చేతిలో నోట్లు పెట్టించడం ఒకటి. గళ్ళ బొమ్మ పెట్టి, కట్టినట్టు ఫోటో పంపమనడం రెండోది. మూడోది పేమెంట్ గేట్‌వే. కొనేవాడు కట్టిన డబ్బుని మధ్యలో ఒక కంపెనీ అందుకుని, వందకి రెండు రూపాయలు తన వాటా తీసుకుని, రెండు రోజులకి మన ఖాతాలో వేస్తుంది.

“అంటే కమీషన్ ఏజెంటు. ఎందుకులే, రేవులో ఉన్నాడుగా మాకొకడు,” అంది రాఘవమ్మ.

“ఈయన తిట్టడండీ,” అన్నాడు నరేంద్ర.

“అయితే ఏజెంటు కాడు.”

సుమలత నవ్వింది. రాఘవమ్మ నవ్వలేదు. “ఆ ఏజెంటుకి ఏం కావాలి?”

“ఖాతా కావాలి. ఖాతా ఎవరిదో వాళ్ళ మొహం కావాలి. కెమెరా ముందు కూర్చుని కళ్ళార్పి చూపించాలి. బతికున్న మనిషి అని వాళ్ళకి నమ్మకం కుదరాలి పిన్నిగారూ. కోటిలింగం గారి ఖాతా పనికిరాదు.”

ఇంత సూటిగా ఆవిడతో ఇన్నాళ్ళూ ఎవరూ అనలేదని సుమలత మొహం చూస్తే తెలిసింది. రాఘవమ్మ చేటలో రొయ్యపొట్టు వేసి చెరిగింది. పొట్టు గాలికి లేచింది.

“ఆ మొదటిదే బావుంది,” అంది. “సరుకు చేతికి రాకముందు డబ్బు అడగడం నా ఒంటికి పడదు. వాసన చూసుకోనీ. బావుంటే ఇస్తాడు.”

సరే అన్నాడు నరేంద్ర. అది కుదరదని అతనికి తెలుసు. అయినా చెప్తే వినే మనిషి కాదనిపించింది.

కుదరలేదు. ఆర్డర్లు బాగానే వచ్చాయి. పొట్లాలు వెళ్ళాయి. వెళ్ళినవాటిలో చాలా వరకు తిరిగొచ్చాయి. ఇంట్లో లేమన్నారు కొందరు. లిఫ్టులో కంపు కొడుతోందని అపార్ట్‌మెంట్ కాపలావాడు లోపలికి రానివ్వలేదట ఒకచోట. హైదరాబాద్‌లో ఒకాయన పెట్టె విప్పి, మా అత్తగారు శాకాహారి అని చెప్పి మళ్ళీ మూసి ఇచ్చాడట. రానూపోనూ ఖర్చు వీళ్ళ నెత్తిన. తిరిగొచ్చిన పెట్టె విప్పితే నెత్తళ్ళు చెమ్మ పట్టి మెత్తగా చేతికి అంటుకున్నాయి. రాఘవమ్మ ఒక చేప తీసి వేళ్ళ మధ్య నలిపి, ఏమీ అనకుండా పెట్టె మొత్తం కాకులకి కుమ్మరించింది.

ఫోటోలు తీయాలనే మిషతో ఆ వారమే నరేంద్ర, ఆవిడ సరుకు అమ్ముకునే గుడివాడ బజారుకి వెంట వెళ్ళాడు. బందరు స్టేషన్లో పొద్దున్నే ప్యాసింజర్ ఎక్కారు. రెండు గంపలు, ఒక గోతాం, త్రాసు, మడత పెట్టిన పట్టా. గంపల పక్కన చోటు ఎప్పుడూ ఖాళీయే కాబట్టి కాళ్ళు చాపుకోవడానికి వీలుంటుందని రాఘవమ్మ చెప్పింది. నరేంద్ర మాత్రం తలుపు దగ్గరికీ సీటు దగ్గరికీ తిరుగుతూనే ఉన్నాడు.

“కూర్చో అబ్బాయ్. నువ్వు నడిస్తే రైలు తొందరగా వెళ్ళదు.”

కూర్చున్నాడు. పెదన దాటాక ఆవిడే మాట కలిపింది. పెళ్ళైన కొత్తలో గంప నెత్తిన పెట్టుకుని బంటుమిల్లి చుట్టుపక్కల ఊళ్ళన్నీ తిరిగేదట. అప్పుడు డబ్బెవరిచ్చారు? కోతలప్పుడు కళ్ళం దగ్గరికి వెళ్ళి ఎండు చేపలు కొలిచి ఇస్తే వడ్లు కొలిచి పోసేవాళ్ళు. గంప వెళ్ళేటప్పటికంటే వచ్చేటప్పుడే బరువు. తర్వాత తర్వాత డబ్బులు వచ్చాయి, అరువులూ వచ్చాయి. మొగుడు లక్ష్మయ్య దగ్గుతో మంచానపడి పోయాక గుడివాడ బజారులో కాస్త చోటు చూసుకుంది.

“వడ్లిచ్చినా, డబ్బిచ్చినా ఇచ్చేవాళ్ళు మన మొహం చూసి ఇచ్చేవాళ్ళు,” అంది.

“ఇప్పుడు చూడరు,” అన్నాడు నరేంద్ర.

“ఇప్పుడు పేరు చూస్తారు.”

కిటికీలోంచి చేపల చెరువులు, వాటి మీద తిరుగుతున్న నీటి చక్రాలు వెనక్కి వెళ్ళిపోతున్నాయి. అతను అడగకుండానే ఆవిడ చెప్పింది.

“మాది అసలు దివిసీమ. ఉప్పెన వచ్చినప్పుడు నేను ఈ గంపంత ఉంటాను. తాటిచెట్టు మట్టలకి చిక్కుకుని మిగిలాను. అమ్మా నాన్నా పోయారు. తమ్ముడు పోయాడు. వాణ్ణి బుల్లోడా అని పిలిచేవాళ్ళం. అసలు పేరు ఏదో ఉండే ఉంటది. పెట్టినవాళ్ళు లేరు, తెలిసినవాళ్ళు లేరు. తర్వాత మేనత్త ఇక్కడికి తీసుకొచ్చి పెంచింది. సర్కారోళ్ళు వచ్చి ఎంతమంది పోయారని అడిగారు గానీ, ఎవరెవరు పోయారని ఎవరూ అడగలేదు. చిన్నదాన్ని, నన్నసలే అడగలేదు. అడిగినా ఏం చెప్తాను? బుల్లోడంటే రాసుకుంటారా?”

రైలు కవుతరంలో ఆగి మళ్ళీ కదిలింది.

గుడివాడ బజారులో ఆవిడ పట్టా పరిచి త్రాసు పెట్టగానే బేరాలు మొదలయ్యాయి. నరేంద్ర ఫోటోలు తీయడం మానేసి ఒక పక్కన నిలబడి చూశాడు. భుజంగరావు అని ఒక పెద్దమనిషి వచ్చాడు. చిన్న హోటల్ ఉందట. ఆయనకి రొయ్యపొట్టు కావాలి. తూకం అయింది, పైన ఒక గుప్పెడు కొసరు పడింది. ఆయన ఫోన్ తీసి త్రాసు వైపు చూపించాడు.

“ఎవరి పేరు వచ్చింది బాబూ?”

“ఇంకెవరి పేరు వస్తుందమ్మా? మన కోటిలింగమే,” అన్నాడాయన. ఆయనకి తెలుసు. ఆ బజారులో చాలామందికి తెలుసు. తెలిసే, పేరుని గబగబా మింగకుండా నిదానంగా, స్పష్టంగా చదివి వినిపిస్తున్నారు. తెలియనివాళ్ళు ఫోన్‌కేసి చూసి పొడిపొడిగా చదువుతున్నారు. రాఘవమ్మకి రెండూ ఒకటే. ఎవరు చదివినా పొట్లం కట్టే చెయ్యి ఒక్క క్షణం ఆగుతుంది, తర్వాత దారం చుడుతుంది.

ఆ సాయంత్రమే నరేంద్ర ఆ గళ్ళ బొమ్మని ఫోటో తీసి ఆన్‌లైన్ కొట్లో పెట్టేశాడు. కింద “కట్టినట్టు ఫోటో వాట్సాప్‌లో పంపండి” అని రాశాడు. అలా పెట్టకూడదని అతనికి బాగా తెలుసు. పోయిన మనిషి ఖాతాలోకి ఊరూవాడా నించి డబ్బు రప్పించడం ఏ లెక్కన చూసినా తప్పే. సుమలత కూడా అదే అంది.

“కొన్నాళ్ళు నడవనివ్వండక్కా,” అన్నాడు. అతని నోట అలాంటి మాట రావడం అతనికే కొత్త.

కొన్నాళ్ళు బాగానే నడిచింది. విజయవాడ నించి, హైదరాబాద్ నించి, బెంగళూరు నించి ఫోన్ గంట మోగితే చాలు, రాఘవమ్మ మనవరాలు రోజాని పిలిచి “అది ఏ ఊరే?” అని అడిగేది. తన కొడుకు పేరు ఎప్పుడూ చూడని ఊళ్ళలో ఎవరెవరి ఫోన్లలోనో కనపడుతోంది. ఆవిడ నడకలో ఒక తేలిక వచ్చిందని సుమలతే నరేంద్రతో చెప్పింది.

తర్వాత ముసురు పట్టింది. వారం పాటు ఎండ మొహం లేదు. పచ్చి చేపని ఎండు చేప అని పంపడం రాఘవమ్మ వల్ల కాదు. పార్సిళ్ళు ఆగాయి. కట్టినవాళ్ళు ఫోన్లు చేశారు. పేజీలో ఇచ్చిన నంబరు కోటిలింగం ఫోనుదే, ఆ ఫోన్ రాఘవమ్మ నడుమున ఉంది. ఆవిడకి డబ్బు వచ్చిన గంట తెలుసు గానీ, కొత్త మనుషుల ఫోన్ ఎత్తడం అలవాటు లేదు. కోటిలింగం ఉన్నాడా అని ఎవరన్నా అడిగితే ఏం చెప్పాలి? మోగి మోగి అదే ఆగిపోయేది.

హైదరాబాద్‌లో ఒకావిడకి ఒళ్ళు మండింది. కొట్టు పేజీలో, అందరికీ కనపడేలా, గళ్ళ బొమ్మ ఫోటో పెట్టి, పేరు చుట్టూ ఎర్రగా సున్నా చుట్టి రాసింది. కింద ఇంకా ఎవరెవరో తలా ఒక చెయ్యి వేశారు. సుమలత నరేంద్రకి ఫోన్ చేసింది. “తీసేయగలవా తమ్ముడూ? అత్తకి తెలియకముందే తీసేయ్.”

అతను గిలకలదిండి వచ్చేసరికి చినుకులు పడుతున్నాయి. రాఘవమ్మ పంచలో కూర్చుని, ఎండకుండా మిగిలిన చేపల్ని ఉప్పు నీళ్ళలో వేస్తోంది. సుమలత కళ్ళతో వద్దంటోంది.

“ఏం జరిగింది?” అంది రాఘవమ్మ. “పొద్దున్నించి ఇది నా మొహం చూడటం లేదు.”

దాచడం నరేంద్రకి చేతకాదు. ఫోన్ తీసి చదివాడు.

“‘రాఘవమ్మ ఎండు చేపలు అని బోర్డు పెట్టి, డబ్బులు మాత్రం కోటిలింగం అనేవాడి ఖాతాలోకి లాగుతున్నారు. ఫోన్ ఎత్తడు. సరుకు పంపడు. ఈ కోటిలింగం దొంగ. ఎవరూ కట్టకండి.’ కింద ఇంకొకాయన రాశాడు: ‘వీణ్ణి పోలీసులకి పట్టించాలి.’ ఇంకొకరు...”

“చాల్లే తమ్ముడూ!” అంది సుమలత.

“ఆగవే. ఆ మొదటిది మళ్ళీ చదువు అబ్బాయ్.”

మళ్ళీ చదివాడు. రాఘవమ్మ చేతులు ఉప్పు నీళ్ళలోనే ఉన్నాయి.

“వీళ్ళు వాణ్ణి ఎరగరు గదా,” అంది.

“ఎరగరు పిన్నీ. వాళ్ళకి అది మనిషి పేరు కాదు. డబ్బు ఎక్కడికి పోయిందో చెప్పే గుర్తు, అంతే. అంగడి ఒకరి పేరు మీద, డబ్బు ఇంకొకరి పేరు మీద ఉంటే మోసమనే అనుకుంటారు. నేనైనా అలాగే అనుకుంటాను. తప్పు వాళ్ళది కాదు. అది పెట్టకూడదని తెలిసీ పెట్టాను, నాది తప్పు.”

“నువ్వెందుకు పెట్టావు? నా కోసమేగా.” చేతులు బయటికి తీసి కొంగుకి తుడుచుకుంది. “వాడు పడవలో పక్కవాడి వాటా చేప కూడా ముట్టుకోలేదు. ఎవరన్నా ఎక్కువిస్తే వెనక్కి పరిగెత్తేవాడు. వాడి మీదికి ఈ మాట తెచ్చాను. బతికున్నాళ్ళూ ఎవరూ అనని మాట, నేను తెచ్చాను.”

సుమలత దగ్గరికి వచ్చి పక్కన కూర్చుంది. ముట్టుకోబోయి ఆగింది.

“ఆవిడ డబ్బు ఆవిడకి పంపించెయ్యి,” అంది రాఘవమ్మ కోడలితో. “మిగతా వాళ్ళవీ పంపించెయ్యి. అబ్బాయ్, అది తీసేయ్ అక్కణ్ణించి. ఇప్పుడే తీసేయ్. వాళ్ళు రాసిందీ పోద్దా?”

“మన పేజీలోది పోద్ది. వాళ్ళ ఫోన్లలో ఉన్నది నా చేతిలో లేదు.”

“ఉంటదన్నమాట,” అంది.

అతను అక్కడే నిలబడి గళ్ళ బొమ్మ తీసేశాడు. వానలోనే బండి తీశాడు.

ముసురు తగ్గి ఎండ కాసినా రాఘవమ్మ గుడివాడ వెళ్ళలేదు. ఇసకలో నెత్తళ్ళు ఎండబెడుతుంది, ఎత్తుతుంది. ఎవరితోనూ పెద్దగా మాట్లాడదు. ఆన్‌లైన్ కొట్టు మూతపడి ఉంది. కొనేవాళ్ళు వచ్చి చూసి పోతున్నారు, కట్టే దారి లేదు. సుమలత రొయ్యల షెడ్డు మేస్త్రీకి వస్తానని కబురు పెట్టింది.

ఆ కబురు రాఘవమ్మ చెవిన పడింది. బందరు కోనేరు సెంటర్లో నరేంద్ర కూర్చునే చోటు వెతుక్కుంటూ వచ్చింది. మెట్లెక్కి, రొప్పుతూ, లోపలికి రాకుండా గడప దగ్గరే నిలబడింది.

“ఆ ఏజెంటు సంగతి చూడు,” అంది. “సుమలత పేరు మీద పెట్టు. మొహం చూపించాలన్నావుగా, చూపిస్తది. కళ్ళార్పమంటే ఆర్పుద్ది.”

“మీ పేరు మీద పెట్టొచ్చు పిన్నీ. కొట్టు పేరు మీదేగా.”

“నాకెందుకు? నడిపేది అది. దానికింకా బోలెడు బతుకుంది. షెడ్డులో ఐసుకి దాని చేతులు ఇవ్వను.”

“అయితే ఇంకో పని కూడా ఉంది,” అన్నాడు నరేంద్ర. ఎలా చెప్పాలో ఆలోచించకుండానే చెప్పేశాడు. “పాత ఖాతా అలా వదిలేయకూడదు. బ్యాంకుకి తెలియజేసి మూయించాలి. ఇవాళ కాకపోతే రేపు వాళ్ళే ఆపేస్తారు, అప్పుడు లోపలున్నది లోపలే ఉండిపోద్ది. భార్య, తల్లి, ఇద్దరూ వెళ్ళాలి. మీ వేలిముద్ర కావాలి.”

“అక్కడేం అడుగుతారు?”

“ఖాతాదారు ఎక్కడని అడుగుతారు.”

రాఘవమ్మ గడప మీద చెయ్యి వేసింది. కింద రోడ్డు మీద ఆటోలు బస్టాండ్‌కి మనుషుల్ని కేకలేసి ఎక్కించుకుంటున్నాయి.

“కాగితం ఉందిగా. మునిసిపాలిటీ వాళ్ళిచ్చింది. అది చూపిస్తే చాలదా?”

“చూపించాలి. అయినా అడుగుతారు. అడక్కుండా కాగితం చూసుకునేవాడు ఏ కౌంటర్లోనూ ఉండడు.”

“రేపు వస్తాం,” అని మెట్లు దిగిపోయింది.

మర్నాడు బ్యాంకులో జనం కిటకిటలాడుతున్నారు. పెన్షన్ల రోజు. సుమలత జిరాక్సులు తీయించడానికి ఎదురు కొట్టుకి వెళ్ళింది. నరేంద్ర, రాఘవమ్మ గోడవార బెంచీ మీద కూర్చున్నారు. ఉతికిన చీర కట్టుకుని వచ్చింది ఆవిడ. కోటిలింగం ఫోన్ చేతిలో ఉంది. గంట మోగకుండా ఎలా చేయాలో నరేంద్రని అడిగి చేయించుకుంది. కౌంటర్ వెనక కళ్ళజోడు ఆఫీసరు ఒక్కొక్కరినీ పిలిచి, తల ఎత్తకుండానే గట్టిగా అడుగుతోంది. అడిగింది హాలంతా వినపడుతోంది. చెప్పింది కూడా హాలంతా వినపడుతోంది.

సుమలత కాగితాలతో తిరిగొచ్చింది. ముందున్న ముసలాయన సంతకం సరిపోలేదని మళ్ళీ పెట్టమంటున్నారు. తర్వాత వీళ్ళే.

రాఘవమ్మ లేచి చీర కుచ్చిళ్ళు సర్దుకుంది. నరేంద్ర మోచెయ్యి పట్టుకుంది. ఆవిడ అతన్ని ముట్టుకోవడం అదే మొదలు. వేళ్ళు గరుకుగా, చల్లగా ఉన్నాయి.

“అబ్బాయ్, సుమలత వల్ల కాదు, రాత్రంతా ఏడ్చింది. నేను పక్కనే నిలబడతాను. వేలిముద్ర ఎక్కడ వెయ్యమంటే అక్కడ వేస్తాను. ఆవిడ అడిగినప్పుడు ఆ మాట మాత్రం నువ్వే చెప్పు. నీకు మొహమాటం లేదు గదా, ఏదైనా మొహాన చెప్పేస్తావు. అందుకే నిన్ను అడుగుతున్నాను. కాకపోతే కొంచెం మెల్లగా చెప్పు, బాబూ. హాలంతా వద్దు, నాకు వినపడితే చాలు.”